గుడారి కొండల జ్వరాలు ఢిల్లీ లెక్కల్లోకి రావు

2008 జూన్ 30న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ వాతావరణ మార్పుపై జాతీయ కార్యాచరణ ప్రణాళికను విడుదల చేశారు. అందులో ఎనిమిది మిషన్లు ఉన్నాయి. సౌర విద్యుత్తుకు ఒకటి, ఇంధన పొదుపుకు ఒకటి, పట్టణాలకు ఒకటి, నీటికి ఒకటి, హిమాలయాలకు ఒకటి, అడవుల పెంపకానికి ఒకటి, వ్యవసాయానికి ఒకటి, పరిశోధనకు ఒకటి. మనిషి ఆరోగ్యానికి మాత్రం ఒక్క మిషన్ కూడా లేదు. దానికి సుమారు ఏడాది ముందు, 2007 వానాకాలంలో, ఒడిశాలోని రాయగడ, కోరాపుట్, కలహండి జిల్లాల కొండ గ్రామాల్లో కలరా వ్యాపించి వందమందికి పైగా చనిపోయారు. ప్రణాళిక రాసినవారికి ఆ చావులు తెలియవని మేము అనుకోవడం లేదు. అవి వాతావరణానికి సంబంధించిన చావులని వారికి తోచలేదు, అంతే.

ఈ వ్యాసం గుడారి వైపు నుంచి రాస్తున్నాము. గుడారి రాయగడ జిల్లాలో వంశధార ఒడ్డున ఉన్న చిన్న పట్టణం. చుట్టూ కోంధులు, సవరలు ఉండే కొండ గ్రామాలు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం ఏజెన్సీలో, జయపురం జమీందారీ కింద ఉండేది. అందుకే ఇక్కడి బజారులో తెలుగు ఇప్పటికీ వినబడుతుంది. పెద్ద జబ్బు వస్తే పార్వతీపురానికో, విశాఖకో బయలుదేరే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. మన సంఘాల చరిత్ర కూడా ఈ సరిహద్దును పట్టించుకోలేదు. 1880లలో జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి వచ్చిన లూథరన్ మిషనరీలు కోరాపుట్‌లోను, మన సాలూరులోను దాదాపు ఒకే కాలంలో పని మొదలుపెట్టారు. కాబట్టి, ఇది పక్క రాష్ట్రం విషయం కదా, మనకెందుకు అని ఎవరైనా అడిగితే, ఇది మన పక్కింటి విషయం అని చెప్పగలం. వంశధార కూడా అదే చెబుతుంది. కలహండి కొండల్లో పుట్టి, గుడారి, గుణుపురం మీదుగా వచ్చి, శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది.

వాతావరణ మార్పు అనగానే మన యువతకు గుర్తుకొచ్చేవి కరుగుతున్న మంచుకొండలు, మునిగిపోతున్న దీవులు, ఎండదెబ్బ. ఎండదెబ్బ నిజంగానే పెద్ద ప్రమాదం. 1998 వేసవిలో ఒడిశాలో వడదెబ్బకు 2,042 మంది చనిపోయినట్లు ప్రభుత్వ లెక్క. ఆ దెబ్బ తర్వాతే ఆ రాష్ట్రం వేడిగాలుల మీద ముందస్తు ఏర్పాట్లు చేయడం నేర్చుకుంది. 2015లో మన ఆంధ్రప్రదేశ్‌లో 1,300 మందికి పైగా చనిపోయారు. కానీ ఆ చావులు ఎక్కువగా మైదానానివి, తీరానివి. కొండమీద వాతావరణం మారిందని తెలిసేది ఎండ కంటే ముందు గెడ్డలో, ఆ తర్వాత దోమలో, ఆ తర్వాత గాదెలో.

ముందు గెడ్డ సంగతి. కొండ గ్రామాల్లో తాగేది ఊట నీరు. చాలాచోట్ల బోరింగు ఉన్నా, అది చెడిపోతే బాగుచేసేవాడు వచ్చేదాకా గెడ్డ ఒడ్డున ఇసుకలో చెలమ తవ్వుకుంటారు. వేసవి పొడుగై ఊట సన్నబడితే, మనుషులూ పశువులూ ఒకే గుంట మీద పడతారు. ఆ తర్వాత వాన నెమ్మదిగా రాకుండా రెండు మూడు రోజుల్లో కుమ్మరించిందంటే కొండవాలు మీది మురికంతా ఆ చెలమలోకే దిగుతుంది. వాంతులు, విరేచనాలు మొదలయ్యేది అప్పుడే. 2007 తర్వాత 2010లో మళ్ళీ వచ్చింది. 2022 జులైలో రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకులో మరోసారి వచ్చి ప్రాణాలు తీసింది. ఒకే కాలం, ఒకే కొండలు, ఒకే కారణం. ఉప్పు, పంచదార కలిపిన నీటితోను, సెలైన్ సీసాతోను బతికే జబ్బు ఇది. రోగిని డోలీలో మోసుకుని రోడ్డు దాకా వచ్చేసరికి ఆ సీసా ఎక్కించే సమయం దాటిపోతుంది.

2001లో అదే కాశీపూర్‌లో ఇరవైమందికి పైగా మామిడి టెంక జావ తాగి చనిపోయారు. అప్పుడు భువనేశ్వర్‌లో పెద్ద వాదన జరిగింది. ఆకలి చావులా, విషాహారమా అని. మన ఉత్తరాంధ్ర ఏజెన్సీలో టెంక అంబలి తెలిసినవారికి ఈ వాదన వింతగా అనిపిస్తుంది. టెంకను పగలగొట్టి, పొడి చేసి, పారే నీటిలో రోజుల తరబడి నానబెట్టి చేదు పోగొట్టాక వండుకునే తిండి అది. తడిసి, బూజు పట్టిన టెంకను తింటే చావు. తడిసిన టెంక అని తెలిసీ ఎందుకు తింటారు? ఆషాఢ, శ్రావణాల్లో పాత గింజ అయిపోయి, కొత్త గింజ రానందున తింటారు. వానలు పదిహేను రోజులు వెనక్కి జరిగితే ఆ ఖాళీ నెలలు ఇంకా పొడుగవుతాయి. కలరా వచ్చేదీ అప్పుడే. కడుపు నిండిన పిల్లవాడికీ, నెలరోజులుగా గంజి నీళ్ళ మీద ఉన్న పిల్లవాడికీ ఒకే విరేచనాల జబ్బు ఒకేలా ఉండదు.

దోమ విషయంలో మాత్రం ఒడిశాను మెచ్చుకోవాలి. మారుమూల గ్రామాల్లో మలేరియా నిర్మూలనకు 2017లో ఆ ప్రభుత్వం దమన్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. జ్వరం ఉన్నా లేకపోయినా ఊరందరికీ రక్త పరీక్ష చేసి, క్రిమి ఉన్నవారికి మందు ఇచ్చి, మందు పూసిన దోమతెరలు పంచారు. 2016లో రాష్ట్రంలో నాలుగు లక్షలు దాటిన కేసులు 2019 నాటికి నలభై వేలకు దిగాయి. ఇంత తక్కువ కాలంలో ఇంత తగ్గుదల దేశంలో అరుదు. కొండెక్కి వెళ్ళిన ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎమ్‌లు, ప్రయోగశాల సిబ్బంది చేసిన పని అది. అయితే 2022లో ఇరవైమూడు వేలకు చేరిన కేసులు 2023లో నలభై ఒక్క వేలు దాటాయి. మందు పూసిన తెర మహా అయితే మూడేళ్ళు పనిచేస్తుంది. ఆ తర్వాత అది ఉత్త గుడ్డ. కొత్త తెర రాకపోతే, దోమ వెంటనే తిరిగొస్తుంది.

ఇక్కడ వాతావరణానికి ఏం సంబంధం? ప్రాణాంతకమైన ఫాల్సిపేరం మలేరియా క్రిమి దోమ కడుపులో ఎదగాలంటే దాదాపు పద్దెనిమిది డిగ్రీలకు మించిన వేడి కావాలి. చల్లని రాత్రులు కొండవాసులకు కొంతకాలం ఒక కంచెలా ఉండేవి. కోరాపుట్ పీఠభూమి సముద్ర మట్టానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తు. అక్కడ చలి నెలలు కుదించుకుపోతే, దోమ పని చేసే నెలలు పెరుగుతాయి. దోమతెరల బడ్జెట్ వాతావరణ బడ్జెట్ అని ఢిల్లీలో ఎవరూ రాయరు. కానీ ఈ కొండల్లో అంతకంటే నిఖార్సయిన వాతావరణ ఖర్చు మాకు కనబడదు.

మరి జాతీయ వాతావరణ విధానం ఈ కొండల్లోకి ఏ రూపంలో వస్తోంది?

మొదట మొక్కల రూపంలో. 2030 నాటికి అదనపు అడవుల ద్వారా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకునేలా చేస్తామని 2015లో పారిస్ ఒప్పందం కోసం భారతదేశం ప్రపంచానికి మాట ఇచ్చింది. ఆ అదనపు అడవి ఎక్కడ పెంచుతారు? హైదరాబాదులోనో, విశాఖ బీచ్ రోడ్డులోనో స్థలం లేదు. గనులకూ, ఆనకట్టలకూ అడవి ఇచ్చినప్పుడు కంపెనీలు కట్టే సొమ్ముతో పరిహార వనీకరణ నిధి ఏర్పడింది. 2016లో దానికి చట్టం వచ్చింది. 2019 ఆగస్టులో కేంద్రం ఆ నిధి నుంచి రాష్ట్రాలకు 47 వేల కోట్ల రూపాయలకు పైగా బదిలీ చేసింది. అన్ని రాష్ట్రాలకంటే ఎక్కువ వాటా, సుమారు 5,934 కోట్లు, ఒడిశాకు వచ్చింది. ఇంత సొమ్ము వచ్చిందంటే అంత అడవి పోయిందని అర్థం. ఈ సంగతి ఎందుకో గొప్పగా చెప్పుకునే వార్తగా అచ్చయింది.

ఆ డబ్బుతో నాటే మొక్కలు చాలాచోట్ల టేకు, నీలగిరి. నాటే చోటు చాలాసార్లు పోడు వాలు. అటవీ శాఖ కాగితంలో అది ‘క్షీణించిన అడవి’. కోంధు ఇల్లాలికి అది గాదె. ఒకే వాలులో చోడి, సామ, కొర్ర, జొన్న, కంది, అలసంద, గుమ్మడి కలిపి చల్లుతారు. ఒకటి పోతే ఒకటి చేతికొస్తుంది. వానలు తప్పే కాలానికి ఇంతకంటే మంచి బీమా ఏ కంపెనీ అమ్మడం లేదు. పోడులో లోపాలు లేవని మేము చెప్పడం లేదు. జనాభా పెరిగి, భూమికి విశ్రాంతి ఇచ్చే ఏళ్ళు తగ్గినచోట వాలు కోసుకుపోతోంది, అది నిజం. కానీ దానికి విరుగుడుగా ఆ వాలులో టేకు నాటితే, కార్బన్ లెక్క పెరుగుతుంది, పళ్ళెంలో కంది తగ్గుతుంది. టేకు ఆకు మేక కూడా తినదు. టేకు తోటలో దుంపలు, పుట్టగొడుగులు, ఇప్ప పువ్వు దొరకవు. పిల్లల ఎత్తు, బరువు, తల్లుల రక్తహీనత చూసే అంగన్‌వాడీ రిజిస్టరు ఒక శాఖలో ఉంటుంది, మొక్కల లెక్క మరో శాఖలో ఉంటుంది. ఈ రెండు రిజిస్టర్లను పక్కపక్కన పెట్టి చూసే కుర్చీ జిల్లాలో లేదు.

2023 ఆగస్టులో పార్లమెంటు అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించింది. ఆ సవరణ పీఠికలోనే 2070 నాటికి నికర శూన్య ఉద్గారాలు సాధించాలన్న లక్ష్యాన్ని పేర్కొన్నారు. అదే సవరణ, ప్రభుత్వ రికార్డుల్లో అడవిగా నమోదు కాని అడవుల్లో చాలాభాగాన్ని చట్టం రక్షణ నుంచి బయటపెట్టింది. అడవిని కాపాడతామనే మాటతో అడవి అనే మాట అర్థాన్ని కుదించారు. ఇలాంటి కాగితాలు చదివేటప్పుడు మన యువత పీఠిక దగ్గర ఆగకూడదు.

రెండోది బాక్సైట్. ఇది కొంచెం వివరంగా చెప్పాలి. సౌర ఫలకల చట్రాలకూ, కరెంటు తీగలకూ, బరువు తక్కువ ఉండాల్సిన ఎలక్ట్రిక్ వాహనాలకూ అల్యూమినియం కావాలి. 2021లో గ్లాస్గో సమావేశంలో ప్రధాని మోదీ 2030 నాటికి 500 గిగావాట్ల శిలాజేతర విద్యుత్ సామర్థ్యం అని ప్రకటించారు. ఆ లక్ష్యాన్ని మేము తప్పుపట్టడం లేదు. కానీ అల్యూమినియం గాలిలోంచి రాదు. తూర్పు కనుమల్లో కొండల తలమీద టోపీలా పరుచుకున్న బాక్సైట్ పొరలోంచి వస్తుంది. ఆ పొర స్పంజిలాంటిది. వానాకాలంలో నీరు పీల్చి, ఏడాదంతా కొద్దికొద్దిగా ఊటల్లోకి వదులుతుంది. వేసవిలో గెడ్డ పారడానికి కారణం అదే. పొర తీసేస్తే ఊట తగ్గుతుంది. ఊట తగ్గితే చెలమ. చెలమ తర్వాత ఏం వస్తుందో పైన చెప్పాము.

ఇందులో మరో వింత ఉంది. ఒక టన్ను అల్యూమినియం కరిగించి తీయడానికి దాదాపు పద్నాలుగు వేల యూనిట్ల కరెంటు కావాలి. మన దేశంలో ఆ కరెంటు ఎక్కువగా బొగ్గు నుంచే వస్తుంది. పరిశ్రమ శుద్ధి చేసే ప్రతి టన్ను అల్యూమినాకు టన్నుకు తక్కువ కాకుండా ఎర్ర బురద మిగులుతుంది. అంటే శుభ్రమైన విద్యుత్తు కోసమని చెప్పి తీసే లోహం వెనుక బొగ్గు పొగ ఉంది, బురద చెరువు ఉంది, ఎండిన ఊట ఉంది. వీటిలో ఒక్కటీ సౌర ఫలక కొనుక్కునేవాడి బిల్లులో కనబడదు.

నియమగిరి కథ మన పాఠకుల్లో చాలామందికి తెలుసు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభలే తేల్చాలని చెప్పింది. జులై, ఆగస్టు నెలల్లో రాయగడ, కలహండి జిల్లాల్లోని పన్నెండు గ్రామసభలు, పన్నెండూ, గని వద్దన్నాయి. ఆ పన్నెండులో ఏడు రాయగడ జిల్లావి. అప్పటికి అది ముగిసిందనుకున్నారు. ఇప్పుడు అదే జిల్లాలో కాశీపూర్ వైపు సిజిమాలి కొండ మీద గని కోసం 2023 నుంచి పని నడుస్తోంది. అక్కడి గ్రామస్థులు ఎదిరిస్తున్నారు. కలరా పదేపదే వచ్చిన బ్లాకు అదే. అహాబు రాజు నాబోతు ద్రాక్షతోటను అడిగిన కథ మన సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. అందులో రాజు మొదట మర్యాదగానే అడిగాడు, డబ్బు ఇస్తానన్నాడు, దీనికంటే మంచి తోట ఇస్తానన్నాడు. పరిహార వనీకరణ మాట వినబడినప్పుడల్లా మాకు ఆ ‘మంచి తోట’ గుర్తుకొస్తుంది.

ఇటువైపు మనకూ ఇదే ప్రశ్న ఎదురవుతోంది. పార్వతీపురం మన్యం జిల్లాలో సాలూరు మండలం కురుకుట్టి దగ్గర, పాచిపెంట మండలం కర్రివలస దగ్గర పంప్డ్ స్టోరేజీ విద్యుత్ ప్రాజెక్టులు ప్రతిపాదించారు. పగటి సౌర విద్యుత్తుతో నీటిని కొండపైకి ఎక్కించి, రాత్రికి కిందికి వదిలి కరెంటు తీసే పద్ధతి అది. ఇంజినీరింగ్‌గా చూస్తే మంచి పద్ధతే, బొగ్గు వాడకం తగ్గించడానికి అవసరమైనదే. అడగాల్సింది వేరే ఉంది. కొండమీది జలాశయం నిండడానికి ఏ గెడ్డ నీరు వాడతారు, ఆ గెడ్డ కింద ఎన్ని ఊళ్ళు తాగుతున్నాయి, నిలవ నీటి చుట్టూ దోమల లెక్క ఎవరు చూస్తారు. పర్యావరణ ప్రభావ నివేదికల్లో ఆరోగ్యం గురించి ఉండే రెండు మూడు పేజీలు చదివితే అవి ఎక్కడికైనా సరిపోయేలా రాసినట్టు ఉంటాయి.

అభివృద్ధికి అడ్డుపడుతున్నామని మమ్మల్ని అనేవారున్నారు. మన దేశంలో తలసరి ఉద్గారాలు ప్రపంచ సగటులో సగం కూడా లేవు, ముందు అమెరికావాళ్ళను అడగండి అంటారు. ఆ మాట నిజమే, అంతర్జాతీయ వేదికల మీద భారతదేశం ఆ మాట గట్టిగా అనడం న్యాయమే. కానీ ఆ సగటును అంత తక్కువగా ఉంచుతున్నది ఎవరు? కరెంటు బిల్లు వంద రూపాయలు కూడా దాటని ఇళ్ళు. పేదవాడి పేదరికాన్ని సమావేశంలో చూపించి న్యాయం అడిగే దేశం, ఇంటికొచ్చాక ఆ పేదవాడి గెడ్డనే త్యాగం చేయమంటే ఆ వాదన బలం పోతుంది.

ఆరోగ్యానికీ, వాతావరణానికీ పోటీ పెట్టి ఆరోగ్యాన్ని ఓడించిన ఉదాహరణ ఇంకొకటి ఉంది, కొండలకు సంబంధించినది కాకపోయినా చెప్పాలి. బొగ్గు విద్యుత్ కేంద్రాలు గంధకపు పొగను తగ్గించే యంత్రాలు పెట్టాలని 2015 డిసెంబరులో కేంద్రం నియమం పెట్టింది. గడువు మళ్ళీ మళ్ళీ జరిగింది. చివరకు 2025 జులైలో దేశంలోని దాదాపు 78 శాతం యూనిట్లను ఆ నియమం నుంచి మినహాయించారు. చెప్పిన కారణాల్లో ఒకటి, ఆ యంత్రాలు నడపడం వల్ల కార్బన్ ఉద్గారాలు పెరుగుతాయని! పదేళ్ళు ఆ పొగ పీల్చినవారి ఊపిరితిత్తులు ఏ ఖాతాలో రాశారో మాకు తెలియదు.

ఇంతకీ అన్నీ చెడ్డ ఉదాహరణలేనా? కాదు. 2016 మే 1న మొదలైన ఉజ్వల పథకం పొయ్యి పొగ నుంచి కోట్లాది ఆడవాళ్ళకు దారి చూపింది. మూడు రాళ్ళ పొయ్యి ముందు గంటల తరబడి కూర్చునే తల్లికీ, ఆమె వీపున ఉన్న బిడ్డకూ వచ్చే దగ్గు, న్యుమోనియా వాతావరణ సమస్యా, ఆరోగ్య సమస్యా రెండూ. కానీ మొదటి సిలిండరు ఇచ్చినంత ఉత్సాహం రెండో సిలిండరు దగ్గర లేదు. 2020లో వంటగ్యాసు రాయితీ ఆగిపోయింది. 2022 మేలో ఉజ్వల కుటుంబాలకు 200 రూపాయలు తిరిగి ఇచ్చారు, 2023 అక్టోబరులో దాన్ని 300 చేశారు. మధ్యలో సిలిండరు ధర 1,100 దాటింది. అప్పుడు ఒడిశాలో ఉపాధి హామీ రోజు కూలి 222 రూపాయలు. రాయితీ పోను నాలుగు రోజుల కూలి ఒక సిలిండరుకు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశంలో సుమారు 59 శాతం ఇళ్ళు శుభ్రమైన వంట ఇంధనం వాడుతుంటే, ఒడిశాలో అది సుమారు మూడో వంతు ఇళ్ళే. కట్టెలు ఊరికే దొరికే కొండమీద ఖాళీ సిలిండరు మూలన కూర్చుంటుంది. మాది విమర్శ కాదు, లెక్క.

పక్కనే ఉన్న ఛత్తీస్‌గఢ్‌లో వందలాది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు సౌర విద్యుత్ పెట్టారు. 2017లో జరిగిన ఒక అధ్యయనం చూస్తే, సౌర విద్యుత్ ఉన్న కేంద్రాల్లో లేనివాటికంటే సగానికి పైగా ఎక్కువమంది రోగులు చేరారు, కాన్పులు దాదాపు రెట్టింపు జరిగాయి. రాత్రి దీపం ఉంది, టీకాల ఫ్రిజ్ ఆగదు, నర్సు ఉండగలుగుతుంది. సౌర మిషన్ మెగావాట్లను లెక్కపెడుతుంది. ఈ ఐదు కిలోవాట్లను కూడా ఎవరైనా లెక్కపెడితే బాగుండును. ఒడిశాలోనే 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలైంది, మొదటి జిల్లాల్లో రాయగడ, కోరాపుట్ ఉన్నాయి. చోడి తిరిగి పొలంలోకి వచ్చింది, ప్రభుత్వం కొంటోంది. వాన తక్కువైనా తట్టుకునే పంట, పిల్లలకు బలమిచ్చే తిండి. వాతావరణ విధానమూ ఆరోగ్య విధానమూ ఒకటి కావచ్చని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ వెతకనక్కర్లేదు. అదే జిల్లాలో మరోవైపు కలుపుమందు కొట్టే పత్తి చోడి భూముల్లోకి ఎక్కుతోంది, అది వేరే వ్యాసం.

చివరకు 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ వాతావరణ మార్పు, మానవ ఆరోగ్య జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. పదకొండేళ్ళు ఆలస్యంగానైనా వచ్చినందుకు సంతోషం. దాని ప్రకారం రాష్ట్రానికొక కార్యాచరణ ప్రణాళిక, జిల్లాకొక నోడల్ అధికారి, జిల్లా ప్రణాళిక ఉండాలి. జిల్లా ఆరోగ్య ప్రణాళిక ఉందా అని అడిగే హక్కు ప్రతి పౌరుడికీ ఉంది, సమాచార హక్కు చట్టం ఉంది. మన సంఘ యువజనులు చేయగలిగిన మొదటి పని ఇదే. అడిగి తెప్పించుకోండి. అందులో వడదెబ్బ తప్ప ఇంకేమైనా ఉందా చూడండి. కొండ గ్రామాల పేర్లు ఉన్నాయా, జూన్ కంటే ముందు బావుల్లో బ్లీచింగ్ ఎవరు చల్లుతారో ఉందా, దోమతెరలు చివరిసారి ఎప్పుడు పంచారో, మూడేళ్ళ గడువు ఎప్పుడు ముగుస్తుందో ఉందా.

క్రైస్తవులుగా మనకు ఈ ప్రాంతంలో ఒక వారసత్వం ఉంది. గుడారికి దూరం కాని బిస్సంకటక్‌లో 1954లో డెన్మార్క్ డాక్టరమ్మ లిస్ మ్యాడ్సెన్ మొదలుపెట్టిన క్రిస్టియన్ హాస్పిటల్ ఇప్పటికీ నడుస్తోంది. ఆ ఆసుపత్రి మంచాల దగ్గర ఆగలేదు. దాని సమాజ ఆరోగ్య విభాగం కొండ గ్రామాల్లోకి వెళ్ళి, అక్కడి ప్రజలతో కలిసి మలేరియా మీద, పిల్లల చదువు మీద దశాబ్దాలుగా పనిచేస్తోంది. జబ్బు ఎక్కడ పుడుతుందో అక్కడికి నడిచి వెళ్ళిన వైద్యం అది. ప్రభుత్వ ఆసుపత్రుల పని మన ఆసుపత్రులు తీసుకోవాలని మేము అనడం లేదు, తీసుకోలేవు కూడా. గ్రామం నుంచి మొదలుపెట్టి లెక్క రాయడం ఎలాగో వారి దగ్గర నేర్చుకోవచ్చు.

నది దిగువన కూడా ఈ లెక్క కావాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అదే వాన ఎగువన గజపతి, రాయగడ కొండల మీద పడి వంశధార పొంగింది, అదే గాలికి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. ఉద్దానం అంటే మూత్రపిండాల జబ్బు. కారణం ఇంకా పూర్తిగా తేలలేదు గానీ, ఎండలో గంటల తరబడి పని, తాగే నీరు అనుమానితుల జాబితాలో ఉన్నాయి. 2023 డిసెంబరు నుంచి ఉద్దానం మండలాలకు తాగునీరు 700 కోట్ల పథకం ద్వారా హిరమండలం జలాశయం నుంచి వస్తోంది. హిరమండలానికి ఆ నీరు వంశధార నుంచి, వంశధారకు ఎగువ కొండల ఊటల నుంచి వస్తుంది. పలాసలో డయాలసిస్ రోగి తాగే గ్లాసు నీళ్ళకీ, గుడారి పైకొండల్లో ఊట ఆగకుండా ఉండటానికీ ఉన్న ఈ సంబంధం రెండు రాష్ట్రాల నీటి పంపకాల ఫైళ్ళలో టీఎంసీలుగా మాత్రమే కనబడుతుంది. 2017 సెప్టెంబరులో వంశధార ట్రిబ్యునల్ తీర్పు ఇచ్చింది. నీరు ఎవరికెంత అని చెప్పింది. ఆ నీరు పుట్టే కొండను ఎవరు కాపాడాలన్నది ఆ ట్రిబ్యునల్ ముందు ఉంచిన ప్రశ్నే కాదు.

కాబట్టి మా కోరికలు పెద్దవి కావు. వాతావరణం పేరుతో ఏ ప్రాజెక్టు అనుమతికి వచ్చినా, దాని కింద తాగే ఊళ్ళ నీటి పరీక్ష, జ్వరాల లెక్క, పిల్లల బరువుల లెక్క ముందే రాసి, గ్రామసభలో అక్కడి భాషలో చదివి వినిపించాలి. కువిలో, సవరలో, ఒడియాలో. తర్వాత ఏటా అవే లెక్కలు మళ్ళీ చదవాలి. పరిహార వనీకరణ డబ్బుతో పోడు వాలులో మొక్క నాటాలంటే ఏ మొక్క అన్నది ఆ వాలు దున్నే స్త్రీలు చెప్పాలి. ఇప్ప, పనస, చింత, కరక్కాయ కూడా కార్బన్ పీలుస్తాయి. దోమతెరల గడువు ముగిసే ఏడాది ఆరోగ్య శాఖ ఢిల్లీ వైపు చూస్తూ కూర్చోకుండా ఆ డబ్బు వాతావరణ నిధి నుంచి రావాలి. వానలు జూన్ రెండో వారానికి కొండెక్కుతాయి. అడగాల్సిన ఉత్తరాలు మార్చిలోపు వెళ్ళాలి.